ఏడో కుర్చీ

రాతిగోడ కడగడానికి నీళ్ల అక్కకు ఒక వరస ఉంది. ముందు పైపుతో పైనుంచి కిందికి నీళ్లు కొట్టి దుమ్ము వదిలించాలి. తర్వాత మెత్తటి బ్రష్షుతో సబ్బు నురగ. అక్షరాల గాడుల్లో ఇరుక్కున్న మట్టి బ్రష్షుకు లొంగదు. దానికి సన్నటి పుల్లకు గుడ్డ చుట్టి, ఒక్కో అక్షరంలో తిప్పి తీయాలి. చివర మళ్లీ నీళ్లు, ఆ వెంటనే పొడిగుడ్డ. గోడమీదికి ఎండ రాకముందే తుడవకపోతే నల్లరాతి మీద నీటిచారలు తెల్లగా తేలతాయి. అప్పుడు చేసిన చాకిరీ అంతా మళ్లీ మొదటికొస్తుంది.

గోడమీద నాలుగు వందల పన్నెండు పేర్లున్నాయి. పదకొండేళ్లుగా వాటికి స్నానం చేయిస్తున్నది ఆమే. ఏ పేరు పక్కన ఏ పేరుందో ఆ గోడ కట్టించినవాళ్లకన్నా ఆమెకే బాగా తెలుసు. మూడో వరస చివరనున్న కుర్రాడంటే పిట్టలకు మహా ఇష్టం. తెల్లారేసరికి అతని నెత్తినే రెట్ట. "నీ నెత్తి తప్ప వాటికి ఇంకో చోటే దొరకదేంట్రా నాయనా," అని గొణుక్కుంటూ అతనికి రెండోసారి సబ్బు పెడుతుంది. అయిదో వరసలో అన్నదమ్ములిద్దరి పేర్లు ఒకదాని కిందొకటి ఉంటాయి. వాళ్ల దగ్గర మాత్రం ఏమీ మాట్లాడదు.

ఆమె మొగుడి పేరు ఆ గోడమీద లేదు.

రోజంతా చేతిలో పైపు ఉంటుంది గనక ఆమెకు నీళ్ల అక్క అని పేరు పడిపోయింది. ఆమెకన్నా పదేళ్లు పెద్దవాడైన తోట మేస్త్రీ కూడా అక్కా అనే పిలుస్తాడు. అమరవీరుల దినం ఇంకో నాలుగు రోజులుందనగా ఆ మేస్త్రీయే వచ్చి, "అక్కా, పైపు కట్టేసి ఓసారి రా. కొత్త సారు అందర్నీ పిలుస్తున్నారు," అన్నాడు.

కార్యక్రమం ఏర్పాట్లు చూసే కొత్త అధికారికి ముప్పై దాటి ఉండవు. చేతిలో అట్ట, అట్టకు కాగితాలు, మెడలో విజిల్, మణికట్టుకు పెద్ద గడియారం. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకోవచ్చు, ఆ సుఖం కూడా లేకపోయింది.

"రిహార్సల్లో ఈసారి మీరెవరూ కూర్చోవక్కర్లేదు," అన్నాడు శుభవార్త చెబుతున్నట్టు. "టీవీవాళ్లు రిహార్సలు కూడా తీస్తామన్నారు. పోయినేడు పేపర్లో పడ్డ ఫొటో చూశారుగా? ముందు వరస కుర్చీల్లో రబ్బరు బూట్లు! నర్సింగు కాలేజీ నుంచి తొమ్మిదిమంది అమ్మాయిలొస్తున్నారు. మీరు హాయిగా కంచె ఇవతల మీ పని చూసుకోండి."

"హమ్మయ్య, బతికించారు," అంది కలుపుతీసే ఆవిడ. మిగతావాళ్లూ నవ్వారు. ఎర్రటి ఎండలో గంటన్నరసేపు దిష్టిబొమ్మల్లా కూర్చోవడం ఎవరికి ఇష్టం గనక? నీళ్ల అక్క చూపు తన బూట్ల మీద పడింది. పేపర్లో పడ్డవి అవే.

ఆ పద్ధతి స్మారకం కట్టినప్పట్నుంచీ ఉంది. ఏటా వంతులవారీగా తొమ్మిది కుటుంబాలను పిలిచి ముందు వరసలో కూర్చోబెడతారు. పేరు పిలవగానే ఆ తల్లో, తండ్రో, భార్యో లేచి, తివాచీ మీద పన్నెండు అడుగులు నడిచి, పెద్ద సైన్యాధికారి చేతులమీదుగా మడతపెట్టిన జెండా అందుకుంటారు. ఆ పన్నెండు అడుగులకూ బ్యాండువాళ్లు నెమ్మదైన పాట వాయిస్తారు. ఎవరు ఎక్కడ లేవాలో, ఎక్కడ ఆగాలో సరిచూసుకోవడానికి ముందురోజు కుటుంబాల బదులు తోటవాళ్లను కూర్చోబెడతారు. జెండా బదులు తువ్వాలు. పేర్లు మాత్రం అసలువే చదువుతారు, మర్నాడు మైకు ముందు నాలుక తడబడకూడదని.

పనిలో చేరిన మొదటి ఏడాది ఆమెను ఏడో కుర్చీలో కూర్చోమన్నారు. ఎవరిదో పేరు పిలిచారు. లేచి నడిచింది. నాలుగో అడుగులోనో అయిదో అడుగులోనో, పిలిచింది తన మొగుడి పేరే అనుకుంటే ఎవరికి నష్టం, అనిపించింది. అనుకుంది. తువ్వాలును జెండా అందుకున్నట్టే రెండు చేతులా అందుకుంది. ఆ ఏటినుంచి ఏటా ఏడో కుర్చీ ఆమెదే. ఆమె కాళ్లకు తొందర తెలియదు గనక బ్యాండు మాస్టరు తన పాటను ఆమె నడకకే కొలుచుకున్నాడు. లెక్కపెడితే నలభై సెకన్లు. ఏడాది మొత్తానికి ఆమెకు తనదంటూ దక్కేది, అడిగి పుచ్చుకోనిది, ఎవరూ ఇచ్చామనుకోనిది, ఆ నలభై సెకన్లే.

ఆ సాయంత్రం కూతురు మందులషాపు నుంచి వచ్చి, చెప్పులు విప్పి, గోడకు చేరగిలబడి కాళ్లు చాపుకుంది. ఉన్నది ఒక్క గది. రెండు మంచాలు, స్టవ్వు బల్ల, కిటికీలో ఆరేసిన రబ్బరు గ్లవ్సులు. తల్లి టీ గ్లాసు చేతికిచ్చి, ఏదో కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది.

"ఈసారి రిహార్సల్లో మేం కూర్చోవక్కర్లేదట. కాలేజీ పిల్లలొస్తారట."

కూతురు టీ తాగడం ఆపింది. "మరి ఏడో కుర్చీ?"

"అందులోనూ వాళ్లే."

కూతురు లేచి తన పుస్తకాల సంచీలోంచి పోయినేటి పేపరు ముక్క తీసింది. కత్తిరించి దాచిందని నీళ్ల అక్కకు అప్పటిదాకా తెలియదు. "అందరూ నీ బూట్లే చూశారమ్మా. నేను నీ మొహం చూశాను. రిహార్సల్లో ఎవరైనా ఏడుస్తారా? అప్పుడే అర్థమైంది." పేపరు ముక్క మళ్లీ మడిచి, "అడగరాదూ? ఒక్క కుర్చీయేగా," అంది.

మర్నాడు అడిగింది కూడా. అధికారి నేలమీద సుద్దతో గుర్తులు పెట్టిస్తున్నాడు, సైన్యాధికారి నిలబడే చోట ఒక గుణకారం గుర్తు, మలుపు దగ్గర ఇంకోటి. ఆమె రెండుసార్లు దగ్గరిదాకా వెళ్లి వెనక్కొచ్చింది. మూడోసారి అతనే చూశాడు.

"ఏంటమ్మా?"

"రిహార్సల్లో... నేనొక్కదాన్నీ కూర్చుంటాను సార్. బూట్లు కాకుండా వేరే చెప్పులు వేసుకొస్తాను."

"ఎందుకమ్మా మీకీ శ్రమ?"

ఇంత మర్యాదగా అడిగితే ఏం చెబుతుంది? పదకొండేళ్లుగా మీ రిహార్సల్లోంచి కొంత నేను దొంగతనంగా వాడుకుంటున్నాను సార్ అని చెప్పాలా? "అలవాటు సార్," అంది.

అతను నవ్వాడు. "జాబితా పైకి పంపేశానమ్మా. ఇంక మార్చడం కుదరదు." నిజంగానే కుదరదన్నట్టు అట్టమీది కాగితం చూపించాడు. అందులో తొమ్మిది గళ్లు, తొమ్మిది పేర్లు. ఏడో గడిలో ఎవరో అమ్మాయి పేరు టైపు చేసి ఉంది.

ఆమె తిరిగొచ్చి గోడ కడిగింది. ఆ రోజు మూడో వరస చివరి కుర్రాడికి కూడా ఒక్కసారే సబ్బు పెట్టింది.

రిహార్సలు రోజున పొద్దున్నే కుర్చీలకు తెల్ల గుడ్డలు తొడిగి, వెనక అంకెలు అంటించారు. మైకువాడు "హలో, హలో" అంటూ తన గొంతు తానే విని మురిసిపోతున్నాడు. కాలేజీ అమ్మాయిలు ఒకేలాంటి బట్టల్లో, ఒకేలాంటి జడల్లో వచ్చి వరసగా కూర్చున్నారు. కెమెరాలవాళ్లకు కన్నులపండుగైంది. కంచె ఇవతల నీళ్ల అక్క పూలకుండీలకు నీళ్లు పెడుతూ, వద్దనుకుంటూనే అటు చూస్తోంది.

మొదటి పేరు పిలిచారు. మొదటి అమ్మాయి చటుక్కున లేచి, చకచకా వెళ్లి, తువ్వాలు అందుకుని, తిరిగొచ్చి కూర్చుంది. బ్యాండు ఇంకా వాయిస్తూనే ఉంది. అధికారి గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. సైన్యాధికారి బదులు నిలబడిన గుమాస్తా ఖాళీ చేతులతో బిక్కమొహం వేశాడు. రెండో అమ్మాయి ఇంకా తొందరగా వెళ్లింది. మూడో అమ్మాయికి నవ్వొచ్చింది. దాన్ని చూసి నాలుగో అమ్మాయికీ వచ్చింది. పాపం, వాళ్ల తప్పేముంది, ఇరవయ్యేళ్ల కాళ్లు అలాగే నడుస్తాయి.

"కట్!" అన్నాడు కెమెరామన్.

"పాట తగ్గించండి మాస్టారూ," అన్నాడు అధికారి.

బ్యాండు మాస్టరు ముసలాయన. క్లారినెట్టు చంకలో పెట్టుకుని, చెమట తుడుచుకున్నాడు. "పాట తగ్గిస్తే రేపు చస్తాం సార్. రేపొచ్చేవాళ్లు ఇలా నడవరు. వీళ్లు విందుకి లేటైనట్టు పరిగెడుతున్నారు. అంత దుఃఖం మోసుకుని లేచేవాళ్లకి అడుగు పడాలంటేనే ఎంతసేపో పడుతుంది." కంచెవైపు చెయ్యి చూపించాడు. "ఏటా ఆ నీళ్లమ్మ నడక ప్రకారమే నేను కొడతాను. ఒక్కసారి ఆవిణ్ణి నడిపించండి, ఈ పిల్లలు చూసి నేర్చుకుంటారు."

అధికారి కెమెరాలవైపు చూశాడు, గడియారం చూశాడు, విసుగ్గా చెయ్యి ఊపాడు. "సరే, రమ్మనండి. ఏడో కుర్చీ ఖాళీ చెయ్యమ్మా."

పైపు కింద పడేసిందో, కుళాయి కట్టేసిందో నీళ్ల అక్కకు గుర్తు లేదు. తడి బూట్లతోనే వచ్చి ఏడో కుర్చీ అంచున కూర్చుంది. మైకులో పేరు పిలిచారు. తెలిసిన పేరే, మూడో వరస చివరి కుర్రాడు. మనసులోనే అతనికి, కాసేపు నీ చోటు నాకియ్యి నాయనా, అని చెప్పుకుని లేచింది.

ఒకటి. రెండు. బ్యాండు సన్నగా అందుకుంది. మూడు. నాలుగో అడుగుకు తన మొగుడి పేరు వచ్చి చేరింది, ఏటా వచ్చినట్టే. అయిదు. కొండదారిలో లారీ నడిపే చేతులు, గోళ్లలో గ్రీజు. ఆరు. ఏడు. అమ్మాయిలు నవ్వడం మానేశారు. ఎనిమిది. తొమ్మిది.

"ఆగండి!"

చేతిసంచీ గుండెలకు హత్తుకుని ఒక పెద్దావిడ కుర్చీల చుట్టూ కట్టిన తాడు కిందనుంచి దూరి తివాచీ మీదికి వచ్చేసింది. దారి దుమ్ము పట్టి మొహం వాడిపోయి ఉంది. వచ్చి సూటిగా నీళ్ల అక్క ఎదుట నిలబడింది.

"ఎవరమ్మా నువ్వు? ఆ పేరు నా కొడుకుది. నా కొడుక్కి నువ్వెక్కణ్ణుంచి ఊడిపడ్డావు ఇంకో తల్లివి?"

బ్యాండు ఒక్కో వాయిద్యమే తప్పుకుంటూ ఆగిపోయింది. పెద్ద డ్రమ్ము ఆఖరున ఆగింది.

అధికారి పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, మీ కార్యక్రమం రేపు. ఇవాళ రిహార్సలంతే."

"రిహార్సలంటే? నేను చచ్చిపోయినట్టు నా బదులు ఇంకొకరిని నిలబెట్టడమా?" ఆవిడ సంచీలోంచి ఉత్తరం తీసి అతని మొహం ముందు పెట్టింది. "ఇవాళ తేదీ వేసింది మీరే! రాత్రంతా బస్సులో కూర్చునొచ్చాను. ఆలస్యమైతే వాడి పేరు పిలిచేటప్పటికి నేనుండనేమోనని తిండి కూడా తినకుండా వచ్చాను."

అతను ఉత్తరం చదివాడు. పైన రిహార్సలు తేదీ, కింద అసలు తేదీ. పైదానికి మీరు రానక్కర్లేదని ఎక్కడా లేదు. రాసినవాళ్లకు తెలుసు గనక, చదివేవాళ్లకూ తెలుసులే అనుకున్నారు. కెమెరా ఇటే తిరగడం చూసి అధికారి చెమటలు కక్కాడు. "ఈ పూటకి చాలు, అందరూ వెళ్లండి," అని విజిల్ ఊదేశాడు.

కుర్చీలు ఖాళీ అయ్యాయి. నీళ్ల అక్క తొమ్మిదో అడుగు దగ్గరే నిలబడి ఉంది. గుమాస్తా ఆమెకు అందాల్సిన తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఇంకో మూడు అడుగులు. ఏడాది పొడుగునా ఎదురుచూస్తే, పోయిందనుకున్నది చేతికొచ్చి, మళ్లీ జారిపోయింది. ఆమెకు కోపం వచ్చింది. ఆ పెద్దావిడ మీద, అధికారి మీద, కాగితాలమీద తేదీలు వేసే ప్రతివాడిమీదా వచ్చింది. కోపంతోనే వెళ్లి, నీళ్లు పారి మడుగైన కుండీల దగ్గర కుళాయి కట్టేసింది.

సాయంత్రం గేటు వేసే వేళకు ఆ పెద్దావిడ ఇంకా గోడ అరుగుమీదే కూర్చుని ఉంది. అతిథిగృహంలో గది మర్నాటికే రాసి ఉందట. అధికారి ఎవరికో ఫోను చేస్తానని వెళ్లి తిరిగి రాలేదు.

నీళ్ల అక్క తాళంచెవులు పట్టుకుని ఆవిడ ముందు నిలబడింది. కోపం ఇంకా పూర్తిగా పోలేదు. కానీ మూడో వరస చివరి కుర్రాడి తల్లిని బయటకు పంపి గేటుకు తాళం వేయడం ఎలా?

"మీవాడి పేరు చూశారా?" అంది.

"ఇన్ని పేర్లలో ఎక్కడని వెతకను? కళ్లజోడు బస్సులో పోయింది."

నీళ్ల అక్క ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, ఆవిడ వేలు తీసి మొదటి అక్షరం గాడిలో పెట్టింది. పెద్దావిడ ఒక్కో అక్షరమే వేలితో దిద్దుకుంటూ చివరిదాకా వెళ్లింది. తర్వాత వేలు చూసుకుంది. మట్టి లేదు.

"రోజూ కడుగుతాను. పిట్టలకి మీవాడంటే మహా ఇష్టం. ఎప్పుడూ వాడి నెత్తినే."

పెద్దావిడకు నవ్వొచ్చింది, నవ్వు మధ్యలో ఏడుపొచ్చింది. కొంతసేపు రెండూ కలిసే వచ్చాయి. "వాడు ఇంట్లో ఉన్నప్పుడూ అంతే. ఉతికిన చొక్కా వేసుకుని గుమ్మం దిగితే చాలు, ఏదో ఒకటి పడేది."

"మా ఇంటికి రండి అక్కా. ఇరుకు గది, కానీ మంచం ఇస్తాను." అందరిచేతా అక్కా అనిపించుకునే మనిషి, తాను ఒకర్ని అలా పిలిచి చాన్నాళ్లయింది.

గదిలో ముగ్గురూ సూపులో రొట్టె ముంచుకుని తింటుండగా పెద్దావిడ అంది, "పొద్దున నిన్ను నానా మాటలూ అన్నాను. మనసులో పెట్టుకోకమ్మా. ఉత్త రిహార్సలేగా, నీకు పోయిందేముందిలే."

నీళ్ల అక్క తలొంచుకుని రొట్టె తుంచుతోంది. కూతురు తల్లివైపు చూసింది. రోజంతా షాపులో నిలబడి వచ్చిన పిల్ల, అలసటలో మాట దాచుకునే ఓపిక లేకపోయింది.

"పోయిందండీ. మా నాన్న కూడా సైన్యంలోనే పోయాడు. ఆయన పేరు ఆ గోడమీద లేదు, మమ్మల్ని ఏ కుర్చీలోనూ కూర్చోమనరు. ఏడాదికోసారి ఎవరి పేరో పిలిస్తే, అది మా నాన్న పేరనుకుని మా అమ్మ నడుస్తుంది. ఇవాళ మీరొచ్చి ఆపేశారు."

"ఊరుకోవే," అంది నీళ్ల అక్క. కానీ మాట బయటకొచ్చేసింది.

పెద్దావిడ చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. "ఏం చేసేవాడు మీ ఆయన?" అని అడిగింది.

"నీళ్ల ట్యాంకరు డ్రైవరు. కొండమీది శిబిరాలకి నీళ్లు ఎక్కించేవాడు. మంచులో బండి జారి లోయలో పడింది. కాగితంలో ప్రమాదం అని రాశారు. గోడమీదికి యుద్ధంలో పోయినవాళ్లే ఎక్కుతారట. మూడుసార్లు అర్జీ పెట్టాను. మూడుసార్లూ మర్యాదగానే జవాబిచ్చారు."

"మావాడు ఫోన్లో అనేవాడు," అంది పెద్దావిడ నెమ్మదిగా, "కొండమీద అన్నిటికన్నా నీళ్లబండి కోసమే ఎక్కువ చూస్తామమ్మా అని. అది రాని రోజున మంచు కరగబెట్టుకుని తాగేవాళ్లట." ఆవిడ తినడం అక్కడితో ఆగిపోయింది.

పడుకునేముందు పెద్దావిడ అడిగింది. "రేపు నేనెలా నడవాలో చూపిస్తావా? అంతమంది ముందు కాళ్లు తడబడితే వాడి పరువు పోతుంది."

నీళ్ల అక్క రెండు మంచాల మధ్య నిలబడి చూపించింది. "తల ఎత్తండి. కుడికాలు ముందు. అడుగు పూర్తిగా ఆనాకే రెండోది. పన్నెండు అడుగులు. తొందరేం లేదు, పాట మనకోసం ఆగుతుంది." గది చిన్నది గనక నాలుగు అడుగులకోసారి వెనక్కి తిరగాల్సివచ్చింది.

అమరవీరుల దినం అనుకున్నట్టే జరిగింది. పెద్దలు కార్లలో వచ్చారు, మాట్లాడారు, గడియారాలు చూసుకున్నారు. రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఎక్కడో ఒక ఫోను మోగి నోరు మూసుకుంది. కంచె ఇవతల నీళ్ల అక్క పొడిగుడ్డ భుజాన వేసుకుని నిలబడింది. గోడ అద్దంలా ఉంది. ఎంత అద్దంలా ఉందో ఎవరూ గమనించలేదు, గమనించకపోతేనే పని బాగున్నట్టు లెక్క.

ఏడో పేరు పిలిచారు. పెద్దావిడ లేచింది. కుడికాలు ముందు. అడుగు పూర్తిగా ఆనాకే రెండోది. బ్యాండు మాస్టరు కళ్లు మూసుకుని వాయించాడు. పన్నెండో అడుగుకూ పాట చివరి స్వరానికీ వెంట్రుకవాసి కూడా తేడా రాలేదు. ఆవిడ జెండా అందుకుని గుండెలకు ఆనించుకుంది. కంచె పట్టుకుని చూస్తున్న నీళ్ల అక్క కాళ్లు తమకు తెలియకుండానే ఆ పన్నెండూ లెక్కపెట్టాయి.

మధ్యాహ్నానికి మైదానం ఖాళీ అయింది. నేలమీద నీళ్లసీసాలు, నలిగిన కాగితాలు. కుర్చీల మేస్త్రీ మనుషులు గుడ్డలు ఊడదీసి, కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దోపి లారీకెక్కిస్తున్నారు. నీళ్ల అక్క చెత్త ఏరుతోంది. పెద్దావిడ బస్సుకు ఇంకా టైముంది. అప్పటిదాకా గోడ దగ్గర కూర్చున్న మనిషి లేచొచ్చి, తన జెండాను చేతిసంచీలో పైన పెట్టి, సంచీని జాగ్రత్తగా అరుగుమీద ఉంచింది.

"బాబూ, ఆ ఏడో కుర్చీ ఉంచండి," అంది.

కుర్చీల మేస్త్రీ ఆమెనూ కుర్చీనీ మార్చి మార్చి చూసి, దాన్ని తీసిన చోటే మళ్లీ పెట్టాడు.

"కూర్చో," అంది నీళ్ల అక్కతో.

"ఎందుకక్కా ఇప్పుడు..."

"నిన్న నీ నడక మధ్యలో ఆపింది నేను. ఎవరి బాకీ వాళ్లు తీర్చుకోవాలి. కూర్చో." నీళ్ల అక్క భుజం మీదున్న పొడిగుడ్డ తీసుకుంది. పొద్దున నాలుగు వందల పన్నెండు పేర్లు తుడిచిన గుడ్డ. దాన్ని దులిపి, జెండా మడతలు ఎలా ఉన్నాయో సంచీలోకి మరోసారి చూసుకుని, అచ్చం అలాగే మడతపెట్టింది. "ఏమని పిలవాలి మీ ఆయన్ని?"

నీళ్ల అక్క చెప్పింది. ఆ పేరు తాను పైకి పలికి ఎన్నేళ్లయిందో, గొంతు కొత్తగా వినిపించింది.

పెద్దావిడ వెళ్లి, సుద్ద గుర్తు మీద నిలబడింది. మైకు లేదు, విప్పేశారు. ఊపిరి తీసుకుని, "డ్రైవరు" అని మొదలుపెట్టి, ఇంటిపేరుతో సహా మొత్తం పేరు, అవతల లారీ దగ్గరున్నవాళ్లకు కూడా వినపడేలా పిలిచింది.

కుర్చీలు మోసేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగారు. లారీ బయల్దేరలేదేమని కనుక్కోవడానికి ఇటే వస్తున్న అధికారి కూడా ఆగాడు. ఆ పేరు ఎవరిదో, నీళ్ల అక్క మొన్న ఎందుకు అలవాటు సార్ అందో, అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. అలవాటుగా మణికట్టు పైకెత్తి గడియారం చూడబోయి, ఆ చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు.

నీళ్ల అక్క లేచింది. రాత్రే ఒకరికి నడక నేర్పిన మనిషికి మొదటి అడుగు ఏ కాలితో వేయాలో తోచలేదు. ఈసారి అనుకోవడానికి ఏమీ లేదు. పిలిచింది నిజంగా ఆయన పేరే. ఒకటి. రెండు. బ్యాండు లేదు, రబ్బరు బూట్లు తివాచీ మీద చేసే చప్పుడొక్కటే. ఆరు. ఏడు. ఎనిమిది. తొమ్మిదో అడుగు దగ్గర కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. కళ్లముందు ఏమీ కనిపించలేదు.

"రా చెల్లీ," అంది పెద్దావిడ, గుడ్డ పట్టుకున్న చేతులు చాపి. "ఇంకో మూడే."

ఆ మూడు అడుగులకు ఎంతసేపు పట్టిందో ఎవరూ లెక్కపెట్టలేదు. గుడ్డ అందుకుంది. అది ఇంకా కాస్త తడిగానే ఉంది. దాన్ని గుండెలకు ఆనించుకుని, వెనక్కి తిరిగి, వెళ్లి ఏడో కుర్చీలో కూర్చుంది. రిహార్సల్లో అయితే కూర్చోగానే లేవమనేవాళ్లు.

లారీవాడు హారన్ కొట్టాడు. కుర్చీల మేస్త్రీ అటు తిరిగి, కాసేపు ఆగమని చెయ్యి చూపించాడు.